సమాధుల తోట జాగాలో మడిగెలు (షాపులు) కట్టించే అధికారం ఫాదర్ గారికి ఒక్కరికే ఉంటుందా? పూడ్చడానికి జాగా లేదని అనొచ్చా?

ఓరుగల్లు_పిలగాడు

అందరికీ నమస్తే. మాది వరంగల్ వైపు ఒక పల్లె. ఊరి పేరు రాయను, రాస్తే పొద్దుగూకే సరికి ఈ పోస్టు ఫాదర్ గారి ఫోన్‌లో ఉంటుంది. తాతల కాలం నుంచి మేం ఆర్సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్లం. విషయం పొడుగు, కొంచెం ఓపికగా చదవండి.

మా చిన్నాయన పోయిన నెల చనిపోయాడు. చిన్నమ్మ ఇదివరకే పోయింది. ఆమెను మా విచారణ (పారిష్, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే సంఘం) సమాధుల తోటలోనే పెట్టాం, అప్పుడే చిన్నాయన పక్కన ఒక మనిషి పట్టేంత జాగా చూసుకుని నాలుగు మూలలా రాతి కడీలు పాతించాడు. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. తీరా జాగా అడగడానికి పోతే ఫాదర్ గారు మూడు మాటలన్నారు. ఒకటి, మీ చిన్నాయన కొన్నేళ్లుగా గుడిలో పూజకు (మాస్‌కు) రావట్లేదు, రోడ్డు మీది ప్రార్థన మందిరానికి పోతున్నాడు, కాబట్టి మనవాడు కాదు. రెండు, మీ ఇంటి చందా బాకీ ఉంది. మూడు, తోటలో రిజర్వేషన్లు లేవు, వరుసలో ఎక్కడ వస్తే అక్కడే.

ఇంట్లో ఫ్రీజర్ డబ్బాలో శవం, భివండీ నుంచి వచ్చిన చుట్టాలు మళ్లీ బండి ఎక్కాలని తొందర, ఆడవాళ్ల ఏడుపులు. ఆ టైంలో ఎవరైనా వాదించగలరా? మా బావ జేబులోంచి తీసి చందా మొత్తం అక్కడికక్కడే కట్టేశాడు. అప్పుడు గోడ మూలకు, ముళ్లకంప పక్కన జాగా చూపించారు. పూజ పెట్టలేదు. ఉపదేశి (ఫాదర్ గారి కింద ప్రార్థనలు చెప్పే ఆయన) గారు వచ్చి ప్రార్థన చెప్పి మట్టి వేయించారు. చిన్నమ్మ పక్కన కడీల మధ్య జాగా ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఇంకో ముచ్చట. ఆస్పత్రిలో ఉన్నప్పుడు చిన్నాయన తానే అడిగి వేరే విచారణ ఫాదర్ గారిని పిలిపించుకున్నాడు. ఆయన వచ్చి పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) విని, అభ్యంగనం (రోగులకు నూనె పూసి చేసే సంస్కారం) ఇచ్చి వెళ్లారు. ఇది చెబితే మా ఫాదర్ గారు "కాగితం ఉందా" అన్నారు. అభ్యంగనానికి కాగితం ఎవరిస్తారు?

సరే, అయిందేదో అయింది. ఇప్పుడు అసలు లొల్లి మొదలైంది. తోటకు రోడ్డు వైపు ఉన్న పట్టీలో సున్నం గీతలు పడ్డాయి. ఏంటంటే మడిగెలు కడతారట, ఒకాయన దగ్గర అడ్వాన్స్ కూడా తీసుకున్నారట. ఆ పట్టీలో సిలువలు లేని పాత మట్టి కుప్పలు చాలా ఉన్నాయి, ఎక్కువ పసిపిల్లలవే. కమిటీకి చెప్పే చేస్తున్నాం అంటారు, కమిటీలో ఉన్న మా మేనమామేమో నాకేం తెలియదురా అంటాడు. ఆ తోటలో కొంత భాగం మా తాత ఇచ్చింది, ఇటలీ ఫాదర్ గార్లు ఉన్న కాలంలో తెల్ల కాగితం మీద రాసిచ్చాడని బాపు చెప్తుండె.

నేను అడిగేది ఇంతే. విచారణ గురువుకు ఇంత అధికారం నిజంగా ఉందా? జాగా ఎవరిది? ఎవరిని అడగాలి?

కాజీపేట_పెద్దన్న

తమ్ముడూ, ముందుగా మీ చిన్నాయన ఆత్మకు శాంతి కలగాలి. నేను ఒక విచారణలో ఆర్థిక మండలిలో పనిచేసిన వాడిని, అందుకని ఆస్తి సంగతి వరకే చెప్తాను. పూడ్చే సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

మన దగ్గర రెండు రకాల అపోహలున్నాయి. ఫాదర్ గారే ఓనర్ అనుకునేవాళ్లు ఒక రకం, ఊరి పెద్దలు కూర్చుని తీర్మానం చేస్తే ఫాదర్ గారు తల వంచాల్సిందే అనుకునేవాళ్లు ఇంకో రకం. రెండూ తప్పే. రోమ్ 1983లో తెచ్చిన చర్చి చట్టం ప్రకారం ఆస్తి విచారణది. విచారణ అంటే ఫాదర్ గారు కాదు, బిషప్ గారు కాదు, జనం కూడా కాదు, అది చట్టం గుర్తించిన ఒక విడి సంస్థ. దాని తరఫున సంతకం పెట్టేది, లెక్క చూసేది విచారణ గురువు. ఇది ఆ చట్టంలో కానన్ (సెక్షన్ లాంటిది) 532లో ఉంది. కాబట్టి గేటు తాళం, బోరు మోటారు, సున్నాలు, తోటలో గడ్డి కోయించడం, సమాధి ఎంత ఎత్తు కట్టుకోవాలి, గ్రానైట్ పెట్టొచ్చా లేదా, ఇలాంటి వాటిలో ఆయన మాటే చెల్లుతుంది. వీటి మీద కొట్లాడి లాభం లేదు.

మడిగెలు మాత్రం అలాంటివి కావు. మామూలు నిర్వహణ దాటిన పని ఏది చేయాలన్నా బిషప్ గారి అనుమతి ముందే, రాతపూర్వకంగా ఉండాలి. కానన్ 1281 ఇదే చెప్తుంది, అనుమతి లేకుండా చేస్తే ఆ పని చర్చి దృష్టిలో చెల్లదు అని కూడా చెప్తుంది. కౌలుకు, లీజుకు ఇచ్చే విషయంలో వేరే నియమాలు దేశ బిషప్పుల మండలి పెట్టాలని 1297లో ఉంది. పైగా సమాధుల తోట ఉత్త ఖాళీ జాగా కాదు, ఆశీర్వదించిన స్థలం. దాన్ని శాశ్వతంగా వేరే పనికి మళ్లించాలంటే బిషప్ గారి స్థాయిలో ఆజ్ఞ రావాలి. అడ్వాన్స్ ఇచ్చిన ఆయనకు ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో.

కమిటీ గురించి. ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండి తీరాలి, ఇది 537. పాస్టోరల్ కౌన్సిల్ అనేది బిషప్ గారు అవసరమనుకుంటే పెట్టేది. రెండూ సలహా ఇచ్చేవే, ఓటింగ్ పెట్టి ఫాదర్ గారిని ఓడించే అధికారం లేదు. మా మండలిలో కాంపౌండ్ వాల్ టెండర్ గురించి గంటలు గంటలు వాదించుకున్నాం, చివరికి ఫాదర్ గారు తనకు నచ్చిన మేస్త్రీకే ఇచ్చారు. చట్టప్రకారం అది ఆయన హక్కే. కానీ అసలు అడగకుండా "కమిటీకి చెప్పాం" అంటే కుదరదు. మీ మేనమామను మినిట్స్ బుక్కు అడగమనండి. మడిగెల తీర్మానం ఏ తేదీన రాశారో, కింద ఎవరెవరి సంతకాలున్నాయో చూడమనండి.

మీ తాత సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఫలానా పనికి అని ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలి, 1267 మూడో పేరాలో ఉంది. పూడ్చడానికని ఇచ్చిన జాగాలో సెల్‌ఫోన్ షాపు పెట్టడానికి వీల్లేదు. ఆస్తుల పట్టిక ఒకటి రాసి, ఒక కాపీ విచారణలో, ఇంకోటి బిషప్ హౌస్‌లో ఉంచాలన్న రూలు కూడా ఉంది. మీ తాత కాగితం అక్కడ దొరికే అవకాశం ఉంది. వరంగల్ మేత్రాసనం (ఒక బిషప్ గారి పరిధి) ఏర్పడింది 1952 డిసెంబరులో, అంతకు ముందు ఇదంతా హైదరాబాద్ కిందే ఉండేది. కాగితం అంతకన్నా పాతదైతే హైదరాబాద్ ఫైళ్లలో కూడా వెతకాల్సి రావొచ్చు.

ఉపదేశి_బిడ్డ

మా నాయన ముప్పై ఏళ్లు పైబడి ఉపదేశిగా చేశారు. మరణాల రిజిస్టర్ మా ఇంట్లోనే చెక్క పెట్టెలో ఉండేది, తరువాత విచారణ బంగ్లాకు తీసుకుపోయారు. కాబట్టి ఈ ముచ్చట నాకు బాగా దగ్గరిది. చదివి కడుపు రగిలింది, అయినా నిదానంగా రాస్తున్నాను.

అన్నా, ఇక్కడ మూడు వేరు వేరు విషయాలున్నాయి, ఫాదర్ గారు మూడింటినీ ఒకే మూట కట్టారు. అంత్యక్రియలు అనండి, భూస్థాపన అనండి, ఆ పూజ పెట్టడం ఒకటి. తోటలో జాగా ఇవ్వడం ఇంకొకటి. ఫలానా చోటే ఇవ్వడం మూడోది.

పూజ ఎవరికి నిరాకరించొచ్చో కానన్ 1184లో ఉంది. విశ్వాసాన్ని బహిరంగంగా వదిలేసినవాళ్లు, సంఘాన్ని చీల్చుకుని వెళ్లినవాళ్లు, అందరికీ తెలిసిన పాపంలో ఉండి జనానికి తప్పుదారి చూపినవాళ్లు, క్రైస్తవ విశ్వాసానికి విరుద్ధమైన ఉద్దేశంతో కాల్చమని కోరినవాళ్లు. శవాన్ని కాల్చడం దానంతట అదే తప్పు కాదు, అది 1963 నుంచే ఒప్పుకున్నారు. అయితే ఈ జాబితాకు ముందే ఒక మాట ఉంది, చావుకు ముందు పశ్చాత్తాపం గుర్తులు ఏమైనా కనిపిస్తే ఇవేవీ వర్తించవు. పాపసంకీర్తనం చేసి, అభ్యంగనం తీసుకున్న మనిషికన్నా పెద్ద గుర్తు ఇంకేం కావాలి? సందేహం ఉంటే బిషప్ గారిని అడిగి ఆయన చెప్పినట్లు చేయాలని అదే కానన్ రెండో పేరాలో ఉంది. ఒక ఫోన్ కాల్ పని. పూజకు రాకపోవడం అనేది ఆ జాబితాలోనే లేదు. అదే కారణమైతే మా ఊళ్లో సగం మగాళ్లకు జాగా దొరకదు, క్రిస్మస్ రాత్రి తప్ప గుడి మెట్లు ఎక్కనివాళ్లు ఎంతమంది లేరు?

ఆయన నిజంగానే పూర్తిగా వేరే సంఘంలో కలిసిపోయాడే అనుకోండి, అప్పుడు కూడా దారి ఉంది. జ్ఞానస్నానం పొందిన వేరే సంఘస్థులకు, వాళ్ల పాస్టర్ అందుబాటులో లేకపోతే, వాళ్ల ఇష్టానికి విరుద్ధం కాకపోతే, బిషప్ గారు తన విచక్షణతో అనుమతి ఇవ్వొచ్చు.

జాగా గురించి, విచారణకు సొంత సమాధుల తోట ఉంటే అక్కడి విశ్వాసులను అందులోనే పూడ్చాలి, చనిపోయినవారో వాళ్లవాళ్లో వేరే చోటు కోరుకుంటే తప్ప. అది 1180. చందా సంగతికొస్తే ఒళ్లు మండుతుంది. విచారణను పోషించడం మన బాధ్యతే, కాదనను, చందా కట్టాల్సిందే. కానీ భూస్థాపన కానుకల్లో పక్షపాతం ఉండకూడదు, పేదవాళ్లకు రావాల్సిన భూస్థాపన పోకూడదు అని 1181లో ఉంది. శవాన్ని ఇంట్లో పెట్టుకున్న వాళ్ల దగ్గర పాత బాకీ వసూలు చేయడం ఏ కానన్‌లోనూ లేదు. మా నాయన ఒకసారి చేతిలో పైసా లేని ఒక ముసలామెకు తోటలో గొయ్యి తానే తవ్వడం నేను చూశాను, అప్పటి ఫాదర్ గారు పక్కన నిలబడి తట్టలో మట్టి ఎత్తారు.

మూడోదానిలో మాత్రం ఫాదర్ గారి వైపు కొంచెం న్యాయం ఉంది, కోపగించుకోకండి. కడీలు పాతి జాగా పట్టుకోవడం చాలాచోట్ల తగాదాలకు మూలం. డబ్బున్నోళ్లు ముందు వరుసలో భార్యాభర్తలకు, కొడుకులకు, కోడళ్లకు జాగాలు పట్టేసుకుంటే కూలోళ్ల శవాలు ముళ్లకంపలోకే పోతాయి. వరుస పద్ధతి పెట్టే అధికారం ఆయనకుంది. అయితే వరుస అన్నప్పుడు వరుసలోనే ఇవ్వాలి గదా? గోడ మూల ఏ వరుస?

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఆస్పత్రికి వచ్చిన ఫాదర్ గారిని కలిసి, ఫలానా రోజు ఫలానా వారికి సంస్కారాలు ఇచ్చాను అని రెండు లైన్లు రాయించుకోండి. పాపసంకీర్తనంలో ఏం చెప్పారో ఆయన చచ్చినా చెప్పరు, అడగొద్దు. అభ్యంగనం ఇచ్చానని రాయడానికి అభ్యంతరం ఉండదు. అది పెట్టి మీ చిన్నాయన పేరున పూజ పెట్టించండి, నవంబరు 2న సమాధుల పండుగ వస్తుంది గదా, అప్పటికైనా. మరణాల రిజిస్టర్‌లో పేరు ఎక్కిందో లేదో చూడండి, పేరు, వయసు, ఎవరు పూడ్చారు, ఎక్కడ అన్నీ ఉండాలి. పంచాయతీలో మరణ నమోదు వేరు, అది 21 రోజుల్లో చేయించాలి, విచారణ రిజిస్టర్ దానికి బదులు కాదు. శవాన్ని తీసి చిన్నమ్మ పక్కకు మార్చాలనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. దానికి సర్కారు అనుమతులు, బిషప్ గారి అనుమతి, పైగా మనసుకు కష్టం.

యూత్_లీడర్_హెచ్‌ఎన్‌కే

అందరూ ఫాదర్ గారి మీదే పడుతున్నారు. ఒక వైపే విన్నాం కదా. మా విచారణలో సమాధుల తోటకు గోడ లేక పక్క పొలంవాడు ఏటా ఒక గట్టు జరుపుతూ వచ్చాడు. మా ఫాదర్ గారు కలెక్టరేట్ చుట్టూ తిరిగినప్పుడు మా ఊరి పెద్దలు ఒక్కరూ వెంట రాలేదు. రోడ్డు వైపు మడిగెలు వేస్తే ఆ వైపు కబ్జా ఆగుతుంది, అద్దె వస్తుంది అని మీ ఫాదర్ గారు అనుకుని ఉండొచ్చు. పాత రోజుల్లాగ బయట నుంచి డబ్బులు రావట్లేదు. 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చాక ఒక సంస్థకు వచ్చిన విరాళం ఇంకో సంస్థకు పంపడమే బంద్ అయింది. కరెంట్ బిల్లు, ఉపదేశి జీతం, బడి ఆయా జీతం ఎక్కడ నుంచి తేవాలి? మనం వేసే పది రూపాయల కానుకలోంచా?

చందా విషయంలో ఆయన చేసింది నాకూ నచ్చలేదు. కానీ కొన్నేళ్లకు ట్రాన్స్‌ఫర్ అయిపోయే మనిషి, తన కోసం మడిగెలు కట్టుకోడు.

ఓరుగల్లు_పిలగాడు

తమ్ముడూ, తన కోసం అని నేను అనలేదు. ట్రాన్స్‌ఫర్ అయిపోయే మనిషి కాబట్టే భయం. ఆయన పోతాడు, మడిగెలుంటాయి, లీజు కాగితం ఎవరి దగ్గర ఉంటుందో తెలియదు.

కోర్టు_గుమస్తా

నేను లాయర్ని కాదు, లాయర్ల దగ్గర ఫైళ్లు మోసీ మోసీ కొంత తెలిసింది. కానన్ల గురించి పై ఇద్దరూ బాగా చెప్పారు, కానీ సివిల్ కోర్టులో జడ్జి ముందు కానన్ 1281 అని అరిస్తే పని కాదు. చర్చి ట్రిబ్యునల్ ఇచ్చిన పెళ్లి రద్దు దేశ చట్టం ముందు చెల్లదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. కోర్టుకు కావాల్సింది భూమి రికార్డులు, సొసైటీ బైలాస్.

మొదటి పని, మీ సేవకు పోయి ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) తీయించండి. తరువాత తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నకలు అడగండి, తెలంగాణలో ఏ భూమి తగాదాకైనా వేరు అక్కడే ఉంటుంది. అందులో ఆ జాగా ఎలా రాసి ఉందన్నది అసలు ప్రశ్న. పట్టా భూమా, సర్కారీనా, బొందలగడ్డ (శ్మశానం) అని రాశారా? సర్కారీ అయితే ఫాదర్ గారూ కాదు, మీ తాతా కాదు, నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు.

రెండోది, కొంచెం చేదు మాట. స్థిరాస్తి గిఫ్ట్ ఇవ్వాలంటే రిజిస్టర్ చేయాలి, ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్. తెల్ల కాగితం మీద రాసిన దానం కోర్టులో నిలబడడం కష్టం. మీ తాత పేరు మీద ఉన్న పట్టా ఆ తరువాత ఎవరి మీదికి పోయిందో చూశారా? మీ పెద్దబాపు కొడుకుల పాస్‌బుక్కులో ఆ జాగా కూర్చుని రైతుబంధు కూడా పడిందేమో ముందు అది చూసుకోండి. నవ్వులాటకు అనట్లేదు, ఇలాంటివి మా ఆఫీసుకు చాలా వస్తాయి.

ఎన్నో ఏళ్లుగా ఊరందరి ఎదుట శవాలు పూడుస్తూ వచ్చిన జాగా అయితే ఆ వాడకం కూడా సాక్ష్యమే, కాగితం లేదని అంతా పోదు. జేసీబీ దిగేలోపు ఆ పట్టీలోని పాత కుప్పలన్నీ ఫోటోలు తీసి పెట్టండి, తేదీ పడేలా. సమాధుల చోట జనం మనసు నొప్పించాలనే ఉద్దేశంతో దౌర్జన్యంగా జొరబడడం నేరం, ఇప్పటి న్యాయ సంహితలో 301, పాత ఐపీసీలో 297. అలాగని రేపే పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తకండి, ఉద్దేశం రుజువు చేయడం తేలిక కాదు. ధర్మాస్తుల మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ఉంది, ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువమంది కలిసి, కోర్టు అనుమతి తీసుకుని వేయాలి. అది ఏళ్ల పని. ముందు నోటీసు, ఆగకపోతే ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఆదేశం).

పూడ్చే హక్కు మీద కోర్టులు ఏమంటాయని ఆశ పెట్టుకుంటే, 2025 జనవరిలో బస్తర్ పాస్టర్ కేసు చూడండి. ఊరి శ్మశానంలో వద్దన్నారు, కొడుకు సొంత పొలంలో పూడ్చుకుంటానన్నాడు, శవం ఇరవై రోజులు మార్చురీలో ఉంది. సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు, పొలంలో పూడ్చుకోవచ్చని ఒకరు, క్రైస్తవులకు కేటాయించిన శ్మశానంలోనే అని ఒకరు. చివరికి ఇరవై కిలోమీటర్ల పైన ఉన్న వేరే ఊరి క్రైస్తవ శ్మశానంలో పూడ్చమని ఇద్దరూ కలిసి ఆదేశించారు. అక్కడిదాకా పోయినా అడిగింది దొరకలేదు. అందుకే కోర్టును ఆఖరుకు పెట్టుకోండి.

కరీంనగర్_సీఎస్ఐ

ఇది చదివే వేరే సంఘాల వాళ్ల కోసం రెండు మాటలు. పై కానన్లన్నీ ఆర్సీఎం వాళ్లకే. మా సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) ఆస్తులు 1947లో పెట్టిన ట్రస్ట్ అసోసియేషన్ కంపెనీ పేరు మీద ఉంటాయి, అయ్యగారికి, పాస్టరేట్ కమిటీకి అమ్మే హక్కు లేదు. మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు క్యాథలిక్కుల్లో కూడా తేడా ఉంది, అక్కడ 1999లో వచ్చిన మేత్రాసనం సీరో మలబార్ (కేరళ మూలాలున్న తూర్పు క్యాథలిక్ శాఖ) వాళ్లది, వాళ్లకు 1990 నాటి తూర్పు సంఘాల చట్టం వర్తిస్తుంది, నంబర్లు మారిపోతాయి. స్వతంత్ర సంఘాల్లో అయితే చాలాసార్లు జాగా పాస్టర్ గారి సొంత పేరు మీదే ఉంటుంది, ఆయన పోతే కొడుకుకు వారసత్వం. అక్కడ అడగడానికి బిషపూ ఉండడు.

ఓరుగల్లు_పిలగాడు

గుమస్తా అన్న నోరు చల్లగుండ. ఈసీ తీశాను, ఆన్‌లైన్‌లో పట్టా చూశాను. తోటలో మడిగెల పట్టీతో కలిపి పదహారు గుంటలు మా పెద్దబాపు కొడుకు పాస్‌బుక్కులోనే ఉన్నాయి! అన్నను అడిగితే ముందు నాకు తెలియదన్నాడు, తరువాత రైతుబంధు పడిందని ఒప్పుకున్నాడు, ఆ తరువాత ఫోన్ ఎత్తట్లేదు. ఫాదర్ గారికి ఈ సంగతి తెలుసో లేదో కూడా నాకు అర్థం కావట్లేదు. ఇప్పుడు మేం ఫాదర్ గారిని అడగాలా, మమ్మల్ని ఊరు అడుగుతుందా? తల తిరుగుతోంది, ఫుల్ టెన్షన్.

కోర్టు_గుమస్తా

టెన్షన్ పడకు, నిజానికి ఇది మీకు మంచిదే. వ్యవసాయ పట్టాలో ఉన్న భూమిలో షాపులు కట్టాలంటే ముందు వ్యవసాయేతర భూమిగా మార్చాలి, ఆ దరఖాస్తు పట్టాదారే పెట్టాలి. అంటే మీ అన్న సంతకం లేనిదే ఆ మడిగెలు చట్టప్రకారం లేవవు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. అడ్వాన్స్ ఇచ్చిన ఆయనకు ఈ సంగతి తెలిస్తే నేరుగా మీ అన్న దగ్గరికే వస్తాడు, చర్చితో పని లేకుండా కొనేస్తాడు. ఫోన్ ఎత్తట్లేదంటే నాకు అనుమానం అదే. వెంటనే మీ ఇంటి పెద్దలు, ఆడపడుచులతో సహా కూర్చుని మాట్లాడండి.

దారి ఏంటంటే, మీ తాత తెల్ల కాగితం మీద ఇచ్చింది ఇప్పుడు మీ కుటుంబం రిజిస్టర్ చేసి ఇవ్వడం. ఫాదర్ గారి పేరు మీద కాదు, మేత్రాసనం తరఫున ఆస్తులు ఏ సొసైటీ పేరు మీద ఉంటాయో కనుక్కుని దాని పేరు మీద. ఆ గిఫ్ట్ డీడ్‌లో "సమాధుల కోసం మాత్రమే" అన్న మాట రాయించండి. వ్యవసాయ భూమి కాబట్టి తహసీల్ ఆఫీసులోనే రిజిస్ట్రేషన్ అవుతుంది, ధరణి పోర్టల్ పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది, స్లాట్ అందులోనే బుక్ చేసుకోవాలి. డీడ్ డ్రాఫ్ట్ మాత్రం లాయర్‌తో రాయించండి, నా మాట నమ్మి మీరే రాసుకోకండి.

కాజీపేట_పెద్దన్న

గుమస్తా గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. దీనితో పాటే బిషప్ గారికి దరఖాస్తు పెట్టండి. కోపం చూపించకుండా ఒక పేజీలో రాయండి. ఫలానా సర్వే నంబరులోని సమాధుల తోట భాగం మా తాత పూడ్చడానికని ఇచ్చారు, ఇప్పటికీ మా కుటుంబ పట్టాలో ఉంది, దాన్ని ఆ పనికే రిజిస్టర్ చేసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం, మడిగెలకు మీ రాతపూర్వక అనుమతి ఉందా తెలియజేయగలరు, ఉంటే కాపీ ఇప్పించగలరు. అంతే. చిన్నాయన భూస్థాపన సంగతి వేరే కాగితం మీద రాయండి, రెండూ కలిపితే భూమి సంగతి మరుగున పడి, సొంత పగ అన్న మాట వస్తుంది. కాపీ మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి, ఎందుకంటే కానన్ 57 ప్రకారం మూడు నెలల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే కాదన్నట్టుగా తీసుకుని పైకి పోవచ్చు. ఫాదర్ గారు రాతపూర్వకంగా ఏదైనా ఉత్తర్వు ఇస్తే మాత్రం గడువు చాలా తక్కువ, మార్చమని ఆయన్నే పది రోజుల్లో అడగాలి, కాబట్టి ఆ కాగితం చేతికొచ్చిన రోజు రాసిపెట్టుకోండి.

ఇంకో మాట, దరఖాస్తు పెట్టే ముందు ఫాదర్ గారిని ఒకసారి నేరుగా కలవండి, పట్టా నకలు చూపించండి. యూత్ లీడర్ తమ్ముడు అన్నట్టు మనం ఒక వైపే విన్నాం, ఆయనకు నిజంగా తెలియకపోయి ఉండొచ్చు. వేరేవాళ్ల పట్టాలో మడిగెలకు అడ్వాన్స్ తీసుకున్నానని తెలిస్తే మీకన్నా ఎక్కువ చెమటలు ఆయనకే పడతాయి.

ఉపదేశి_బిడ్డ

డీడ్‌లో పసిపిల్లల సమాధులున్న పట్టీ హద్దులు కొలిపించి మరీ రాయించండి అన్నా. రోడ్డు వెడల్పు పేరు మీద రేపు ఇంకొకరు వస్తారు.

ఓరుగల్లు_పిలగాడు

ఆదివారం పూజ అయ్యాక మేనమామను, బాపును తీసుకుని ఫాదర్ గారిని కలిశాను. పట్టా నకలు చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తరువాత బిషప్ హౌస్‌లో అడిగి చెప్తాను, అప్పటిదాకా పని ఆపిస్తాను అన్నారు. అనుమతి కాగితం ఉందా అంటే "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. ఆస్పత్రికి వచ్చిన ఫాదర్ గారు మాత్రం అడగ్గానే లెటర్ రాసిచ్చారు, చిన్నాయన పేరున పూజకు మా ఫాదర్ గారు ఒప్పుకున్నారు. అన్న ఇంకా ఫోన్ ఎత్తట్లేదు, మేనత్త రేపు నేరుగా ఇంటికే పోతానంటోంది, ఆమె ముందు వాడు నోరెత్తడు. దరఖాస్తు రాస్తున్నాను. ఒక డౌట్, ఆ రోజు మా బావ కట్టిన చందాకు రసీదు అడిగితే రసీదు బుక్కు అయిపోయిందన్నారు. అది కూడా ఇందులో రాయాలా?

కాజీపేట_పెద్దన్న

భూమి కాగితంలో వద్దు, చిన్నాయన కాగితంలో రాయండి. ఎంత కట్టారు, ఏ తేదీ, ఎవరి చేతికి ఇచ్చారు, అంతవరకే. ఏటా లెక్కలు బిషప్ గారికి పోవాలి, ఆ మొత్తం లెక్కలోకి ఎక్కిందో లేదో వాళ్లే చూసుకుంటారు.